వోల్టేజీ, కరెంటు కొలిచి నిరోధాన్నీ పవర్‌నీ లెక్కగట్టడం: మీటరు పెట్టే చోటు నుంచి రెసిస్టర్ వాటేజీ ఎంచుకునే దాకా

12 వోల్టుల బ్యాటరీకి ఒక దీపం కలిపారు. కరెంటు 2 ఆంపియర్లు పోతోంది. భాగిస్తే 6 ఓంలు, గుణిస్తే 24 వాట్లు. లెక్క అయిపోయింది కానీ, జవాబు తప్పు కావచ్చు. ఆ 12 వోల్టులు ఎక్కడ కొలిచారు? బ్యాటరీ దగ్గరా, దీపం దగ్గరా? దీపం కాళ్ల మధ్య కొలిస్తే 11.3 వోల్టులే ఉందనుకుందాం. అప్పుడు దీపం నిరోధం 5.65 ఓంలు, దాని పవర్ 22.6 వాట్లు. మిగతా 0.7 వోల్టు తీగల్లోనూ అతుకుల్లోనూ పడిపోయింది. వాటి నిరోధం 0.35 ఓం, అక్కడ వేడిగా పోతున్నది 1.4 వాట్లు.

ఓం సూత్రంతో వచ్చే చిక్కుల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి. భాగహారంలో తప్పు చేసేవాళ్లు తక్కువ. ఒక చోటి వోల్టేజీని మరో చోటి కరెంటుతో భాగించేవాళ్లు, ఒక క్షణంలో కొలిచిన వోల్టేజీకి మరో క్షణంలో కొలిచిన కరెంటును జతచేసేవాళ్లు చాలామంది. కాబట్టి ప్రతి లెక్కకు ముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలి: ఈ వోల్టేజీ ఏ రెండు బిందువుల మధ్యది? ఈ కరెంటు సరిగ్గా ఆ రెండు బిందువుల మధ్య ఉన్న వస్తువులోంచే, అదే సమయంలో పోతోందా?

సూత్రాలు, ప్రమాణాలు

నిరోధం = వోల్టేజీ ÷ కరెంటు
పవర్ = వోల్టేజీ × కరెంటు

మొదటిది జర్మన్ శాస్త్రవేత్త గియోర్గ్ సైమన్ ఓం 1827లో ప్రచురించిన సూత్రం నుంచి వచ్చింది. రెండోది ప్రమాణాల నిర్వచనంలోనే ఉంది. ఒక వోల్టు అంటే ఒక కూలూంబ్ ఆవేశానికి ఒక జౌల్ శక్తి. ఒక ఆంపియర్ అంటే సెకనుకు ఒక కూలూంబ్. రెండూ గుణిస్తే సెకనుకు ఒక జౌల్, అంటే ఒక వాట్. అందుకే పవర్ సూత్రం ఏ వస్తువుకైనా, ఏ క్షణానికైనా వర్తిస్తుంది. నిరోధం సూత్రానికి అంత విస్తృతి లేదు. దాని సంగతి తర్వాత చూద్దాం.

ఈ రెండింటినీ కలిపితే ఇంకో రెండు రూపాలు వస్తాయి:

పవర్ = కరెంటు × కరెంటు × నిరోధం
పవర్ = వోల్టేజీ × వోల్టేజీ ÷ నిరోధం

వోల్టేజీ, కరెంటు రెండూ కొలిచి చేతిలో ఉంటే నేరుగా గుణించడమే మంచిది. నిరోధాన్ని ముందు గుండ్రంగా సవరించి, దాన్ని మళ్లీ వర్గంతో గుణిస్తే ఆ సవరణలో వచ్చిన తేడా జవాబులోకీ వచ్చేస్తుంది.

ప్రమాణాల మార్పులో సున్నాలు జారిపోవడం మామూలే. చిన్న సర్క్యూట్లలో కరెంటు మిల్లీఆంపియర్లలో ఉంటుంది. ప్రతిసారీ 1000తో భాగించే బదులు ఇది గుర్తుంచుకోండి: వోల్టులను మిల్లీఆంపియర్లతో భాగిస్తే నేరుగా కిలో ఓంలు వస్తాయి. వోల్టులను మిల్లీఆంపియర్లతో గుణిస్తే నేరుగా మిల్లీవాట్లు వస్తాయి. ఉదాహరణకు 9 వోల్టులు, 3 మిల్లీఆంపియర్లు అంటే 3 కిలో ఓంలు, 27 మిల్లీవాట్లు.

బల్లమీద చేసి చూసే కొలత

కావలసినవి: 100 ఓంల పావు వాట్ రెసిస్టర్ ఒకటి (గోధుమ, నలుపు, గోధుమ, బంగారు పట్టీలు), 1 నుంచి 5 వోల్టుల దాకా మార్చగలిగే డీసీ (ఒకే దిశలో పారే కరెంటు) సప్లై, రెండు మల్టీమీటర్లు, మొసలి క్లిప్పుల తీగలు.

1. సప్లై ఆపి ఉంచండి. రెసిస్టర్‌ను దేనికీ కలపకుండా ఓం రేంజిలో కొలిచి రాసుకోండి. బంగారు పట్టీ అంటే 5 శాతం తేడాకు అనుమతి, కాబట్టి 95 నుంచి 105 మధ్య ఏది వచ్చినా సరైనదే. కరెంటు పారుతున్న భాగాన్ని ఓం రేంజిలో ఎప్పుడూ కొలవకూడదు. ఓం రేంజిలో మీటరు తన సొంత బ్యాటరీ నుంచి కరెంటు పంపి కొలుస్తుంది. బయటి వోల్టేజీ తోడైతే అంకె అర్థం లేనిదవుతుంది, మీటరు పాడవచ్చు కూడా.

2. మొదటి మీటరును కరెంటుకు సిద్ధం చేయండి. నల్ల ప్రోబు కామన్ రంధ్రంలో, ఎర్రది మిల్లీఆంపియర్ రంధ్రంలో. డీసీ రేంజిలో అన్నిటికంటే పెద్ద మిల్లీఆంపియర్ స్థానం నుంచి మొదలుపెట్టండి. దీన్ని సప్లై ప్లస్‌కూ రెసిస్టర్‌కూ మధ్య సిరీస్‌లో పెట్టండి. అంటే తీగను తెంచి ఆ సందులో మీటరు ఉంచినట్టు.

3. రెండో మీటరును డీసీ వోల్టుల్లో పెట్టి, ప్రోబులను రెసిస్టర్ రెండు కాళ్లకే ఆనించండి. సప్లై టెర్మినళ్లకు కాదు.

4. సప్లైలో కరెంటు పరిమితి మీట ఉంటే 100 మిల్లీఆంపియర్లకు పెట్టి, 1 వోల్టు దగ్గర ఆన్ చేయండి.

5. రెండు మీటర్ల అంకెలూ ఒకేసారి చదివి ఒకే వరుసలో రాయండి. తర్వాత 2 వోల్టులు, తర్వాత 5.

కొలతలు ఇలా వచ్చాయనుకుందాం. 1.01 వోల్టు దగ్గర 10.2 మిల్లీఆంపియర్లు: నిరోధం 99.0 ఓంలు, పవర్ 10.3 మిల్లీవాట్లు. 2.00 వోల్టుల దగ్గర 20.2 మిల్లీఆంపియర్లు: మళ్లీ 99.0 ఓంలు, 40.4 మిల్లీవాట్లు. 5.00 వోల్టుల దగ్గర 50.6 మిల్లీఆంపియర్లు: 98.8 ఓంలు, 253 మిల్లీవాట్లు.

నిరోధం దాదాపు కదలలేదు. పవర్ మాత్రం వోల్టేజీ అయిదు రెట్లయితే సుమారు ఇరవై అయిదు రెట్లయింది. చివరి కొలతలో రెసిస్టర్ తన పావు వాట్, అంటే 250 మిల్లీవాట్ల హద్దును కాస్త దాటేసింది. ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. ఆ కొలత తీసుకున్న వెంటనే సప్లై ఆపేయండి, లేదా మొదటి నుంచీ అర వాట్ రెసిస్టరే వాడండి.

ఒకే మీటరు ఉంటే? ముందు వోల్టేజీ కొలిచి, తర్వాత అదే మీటరును కరెంటు కోసం సిరీస్‌లో పెడతారు చాలామంది. ఇక్కడే తేడా వస్తుంది. మిల్లీఆంపియర్ రేంజిలో మీటరుకు తనదంటూ కొంత నిరోధం ఉంటుంది. అది 5 ఓంలు అనుకుంటే, 5 వోల్టుల దగ్గర 100 ఓంల రెసిస్టర్‌లో 50కి బదులు 47.6 మిల్లీఆంపియర్లే పోతాయి. మీటరు లేనప్పుడు కొలిచిన 5 వోల్టులను, మీటరు ఉన్నప్పుడు కొలిచిన 47.6తో భాగిస్తే 105 ఓంలు వస్తుంది. రెండు వేర్వేరు పరిస్థితుల అంకెలను కలిపినందుకు 5 శాతం తప్పు.

దీనికి మంచి ఉపాయం ఉంది. 1 శాతం టాలరెన్స్ (తేడాకు అనుమతి) ఉన్న 1 ఓం రెసిస్టర్‌ను సిరీస్‌లో పెట్టి, కొలతలన్నీ అయ్యేదాకా అక్కడే ఉంచేయండి. మీటరును వోల్టుల్లోనే ఉంచి, ఒకసారి 100 ఓంల మీద, ఒకసారి 1 ఓం మీద కొలవండి. 1 ఓం మీద 49.5 మిల్లీవోల్టులు కనిపిస్తే కరెంటు 49.5 మిల్లీఆంపియర్లు. రెండు కొలతల మధ్య సర్క్యూట్‌లో ఏమీ మారలేదు కాబట్టి లెక్క నిలబడుతుంది.

మీటరు అడ్డుపడే సందర్భాలు

చాలా డిజిటల్ మల్టీమీటర్లకు వోల్టు రేంజిలో సుమారు 10 మెగా ఓంల నిరోధం ఉంటుంది. 100 ఓంల పక్కన అది లేనట్టే. కానీ 4.7 మెగా ఓంల రెసిస్టర్ మీద వోల్ట్‌మీటరు పెట్టి, ఆ రెండింటికీ కలిపి పోయే కరెంటును కొలిస్తే, లెక్కలో 3.2 మెగా ఓంలు వస్తుంది. కరెంటులో మూడోవంతు మీటరులోంచే పోయింది మరి. పెద్ద నిరోధాలకు వోల్ట్‌మీటరును అమ్మీటరుకు ఇవతల, అంటే అమ్మీటరు, రెసిస్టర్ రెండూ దాని ప్రోబుల మధ్యకు వచ్చేలా సప్లై వైపు పెట్టాలి. అప్పుడు అమ్మీటరు మీద పడే కాస్త వోల్టేజీ అదనంగా చేరుతుంది గానీ, మెగా ఓంల పక్కన దాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు.

చిన్న నిరోధాలకు దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఓం రేంజిలో 0.1 ఓం కొలవబోతే ప్రోబుల తీగల నిరోధమే అంతకు మించి ఉంటుంది. ఇలాంటి చోట నాలుగు తీగల పద్ధతి వాడాలి: రెండు తీగలు కరెంటు పంపడానికి, మరో రెండు వోల్టేజీ చూడడానికి. వోల్టేజీ ప్రోబులు కరెంటు క్లిప్పుల మీద కాకుండా, వాటికి లోపలివైపు, నేరుగా కొలవాల్సిన లోహం మీదే ఆనాలి. 1 ఆంపియర్ పంపి 83 మిల్లీవోల్టులు చూస్తే 0.083 ఓం. వోల్టేజీ ప్రోబుల్లో కరెంటు దాదాపు పోదు కాబట్టి వాటి తీగల నిరోధం లెక్కలోకి రాదు.

ఇక ప్రమాదకరమైన పొరపాటు ఒకటుంది. కరెంటు కొలిచాక ఎర్ర ప్రోబు ఆంపియర్ రంధ్రంలోనే ఉండిపోతుంది, తర్వాత అదే మీటరుతో వోల్టేజీ కొలవబోతారు. ఆంపియర్ రంధ్రంలో మీటరు నిరోధం అతి తక్కువ కనుక అది నేరుగా షార్ట్ సర్క్యూట్. చిన్న బ్యాటరీ అయితే ఫ్యూజు పోవచ్చు. మెయిన్స్ (ఇంటికొచ్చే 230 వోల్టుల కరెంటు) అయితే మీటరు చేతిలోనే పేలవచ్చు. కరెంటు కొలత అయిన వెంటనే, మరే పనీ చేయకముందే, ఎర్ర ప్రోబును వోల్టు రంధ్రంలోకి మార్చేయడం అలవాటు చేసుకోండి. ఫ్యూజు పోయిన మీటరు కరెంటు ఎప్పుడూ సున్నా చూపిస్తుంది, సర్క్యూట్ కూడా తెగిపోతుంది. రెసిస్టర్ మీద వోల్టేజీ కూడా సున్నా వచ్చి, సప్లై దగ్గర మాత్రం పూర్తిగా ఉంటే, ముందు మీటరు ఫ్యూజునే అనుమానించండి.

నిరోధం నిలకడగా ఉండని వస్తువులు

వోల్టేజీని కరెంటుతో భాగిస్తే ఎప్పుడూ ఏదో ఒక అంకె వస్తుంది. ఆ అంకెతో మరో వోల్టేజీ దగ్గర కరెంటు ఎంతో చెప్పగలమా అన్నదే అసలు ప్రశ్న. రెసిస్టర్ విషయంలో చెప్పగలం. ఈ కింది మూడింటి విషయంలో చెప్పలేం.

ఫిలమెంట్ దీపం: 12 వోల్టులు, 21 వాట్ల దీపం వెలుగుతున్నప్పుడు 1.75 ఆంపియర్లు తీసుకుంటుంది, అంటే 6.9 ఓంలు. ఆర్పి చల్లారాక ఓం రేంజిలో కొలిస్తే ఒక ఓం కూడా కనిపించకపోవచ్చు. రెండూ నిజమే. టంగ్‌స్టన్ తీగ రెండు వేల డిగ్రీలకు పైగా వేడెక్కినప్పుడు దాని నిరోధం పది రెట్లకు మించి పెరుగుతుంది. చల్లటి నిరోధంతో పవర్ లెక్కగడితే 150 వాట్లు దాటిపోతుంది. అంత పవర్ స్విచ్ వేసిన మొదటి క్షణంలో మాత్రమే ఉంటుంది, దీపాలు ఎక్కువగా స్విచ్ వేసేటప్పుడే మాడిపోవడానికి ఇదొక కారణం.

ఎల్ఈడీ: ఎర్ర ఎల్ఈడీ మీద సుమారు 2 వోల్టులు, 20 మిల్లీఆంపియర్లు. భాగిస్తే 100 ఓంలు. ఈ 100 ఓంలను నమ్మి 3 వోల్టులు ఇస్తే 30 మిల్లీఆంపియర్లు పోతాయనుకోవడం పొరపాటు. కరెంటు ఎన్నో రెట్లు పెరిగి ఎల్ఈడీ మాడిపోతుంది. అందుకే దానితో సిరీస్‌లో ఒక రెసిస్టర్ పెడతారు, లెక్క ఆ రెసిస్టర్‌కే చేయాలి.

డీసీ మోటారు: ఇది అన్నిటికంటే తికమక పెడుతుంది. చుట్ట నిరోధం 1.5 ఓంలు ఉన్న 12 వోల్టుల మోటారు, తిరుగుతూ 2 ఆంపియర్లు తీసుకుంటోందనుకుందాం. 12ను 2తో భాగిస్తే 6 ఓంలు. కానీ మోటారులో 6 ఓంల తీగ ఎక్కడా లేదు. తిరిగే చుట్ట తానే ఎదురు వోల్టేజీని పుట్టిస్తుంది, ఇక్కడ అది 9 వోల్టులు. చుట్ట నిరోధం మీద పడేది మిగిలిన 3 వోల్టులే. మొత్తం పవర్ 24 వాట్లు. అందులో చుట్టలో వేడి 2 × 2 × 1.5 = 6 వాట్లు, మిగతా 18 వాట్లు తిప్పడానికీ రాపిడికీ పోతాయి. ఇరుసును గట్టిగా పట్టి ఆపేస్తే ఎదురు వోల్టేజీ మాయమవుతుంది. కరెంటు 12 ÷ 1.5 = 8 ఆంపియర్లకు ఎగబాకుతుంది, 96 వాట్లు మొత్తం చుట్టలోనే వేడిగా మారతాయి. ఇరుక్కుపోయిన మోటారు నిమిషాల్లో కాలి వాసన రావడానికి కారణం ఇదే.

రెసిస్టర్‌నూ దాని వాటేజీనీ ఎంచుకోవడం

12 వోల్టుల సప్లై మీద 2 వోల్టుల ఎర్ర ఎల్ఈడీని 15 మిల్లీఆంపియర్లతో వెలిగించాలి. రెసిస్టర్ మీద పడేది 12 కాదు, 12 − 2 = 10 వోల్టులు. 10ని 15తో భాగిస్తే 0.667 కిలో ఓం, అంటే 667 ఓంలు. ఆ విలువ దొరకదు. దొరికే దగ్గరి పెద్ద విలువ 680. ఇప్పుడు లెక్కను వెనక్కి చేసి చూడండి: 10 ÷ 680 = 14.7 మిల్లీఆంపియర్లు. రెసిస్టర్ పవర్ 10 × 14.7 = 147 మిల్లీవాట్లు. ఎల్ఈడీ పవర్ 2 × 14.7 = 29 మిల్లీవాట్లు. అంటే రెసిస్టర్‌లో వృథాగా పోతున్నదే అయిదు రెట్లు. సప్లై వోల్టేజీ తక్కువైతే, లేదా రెండు మూడు ఎల్ఈడీలు సిరీస్‌లో పెడితే ఈ వృథా తగ్గుతుంది.

147 మిల్లీవాట్లకు పావు వాట్ రెసిస్టర్ సరిపోతుంది. లెక్కగట్టిన పవర్‌కు కనీసం రెట్టింపు వాటేజీ తీసుకోవాలన్నది మంచి పద్ధతి, గాలాడని పెట్టెలో అది తప్పనిసరి. చాలా రకాల రెసిస్టర్ల మీద చెప్పే వాటేజీ చుట్టూ ఉన్న గాలి 70 డిగ్రీల సెల్సియస్ దాకా ఉన్నప్పటిది. అంతకంటే వేడెక్కేకొద్దీ భరించగల పవర్ తగ్గుతూ వస్తుంది. ఇక్కడ రెట్టింపు 294 మిల్లీవాట్లు కనుక మూసిన పెట్టెలో అర వాట్‌ది పెట్టండి.

ఏసీ మీద లెక్క ఎక్కడ మారుతుంది

హీటరు, ఇస్త్రీపెట్టె, ఫిలమెంట్ దీపం లాంటి వేడి పుట్టించే వస్తువులకు డీసీ లెక్కే సరిపోతుంది, మీటరు చూపే ఆర్ఎంఎస్ విలువలు (అంతే వేడి పుట్టించే డీసీతో సమానమైన విలువలు) వాడితే చాలు. 230 వోల్టుల, 1500 వాట్ల హీటరు 6.52 ఆంపియర్లు తీసుకుంటుంది, నిరోధం 35.3 ఓంలు. వోల్టేజీ 200కు పడిపోతే? కొందరు 200 × 6.52 చేసి 1304 వాట్లు అంటారు. అది తప్పు. వోల్టేజీ తగ్గితే కరెంటు కూడా తగ్గుతుంది. 200 × 200 ÷ 35.3 చేస్తే 1133 వాట్లు. వోల్టేజీ 13 శాతం తగ్గితే పవర్ దాదాపు పావు వంతు తగ్గిపోయింది, నీళ్లు కాగడానికి ఆమేరకు ఎక్కువ సేపు పడుతుంది.

ఏసీ మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర మీటరు చూపే అంకెల గుణకారం వాట్లు ఇవ్వదు. 230 వోల్టుల మీద 3 ఆంపియర్లు తీసుకునే మోటారుకు 690 వోల్ట్-ఆంపియర్లు వస్తుంది. పవర్ ఫ్యాక్టర్ (వోల్ట్-ఆంపియర్లలో నిజమైన వాట్ల వంతు) 0.75 అయితే అసలు పవర్ 517 వాట్లే. భాగిస్తే వచ్చే 77 ఓంలు నిరోధం కాదు, ఇంపిడెన్స్, అంటే ఏసీకి ఎదురయ్యే మొత్తం అడ్డు. పవర్ ఫ్యాక్టర్ తెలియకుండా వాట్లు చెప్పకండి, వాట్‌మీటరుతో నేరుగా కొలవండి.

మెయిన్స్ మీద మల్టీమీటరును సిరీస్‌లో పెట్టడం వద్దు. తీగను తెంచకుండా దాని చుట్టూ పట్టి కరెంటు కొలిచే క్లాంప్ మీటరు వాడండి, దాని దవడల మధ్య ఒక్క తీగే ఉండాలి. రెండు తీగలనూ కలిపి పట్టుకుంటే వెళ్లే కరెంటు, వచ్చే కరెంటు ఒకదాన్నొకటి రద్దు చేసుకుని సున్నా చూపిస్తుంది. డిమ్మర్లు, స్విచ్చింగ్ సప్లైల వంటి వాటి కరెంటు తరంగం వంకరగా ఉంటుంది, అక్కడ అలాంటి తరంగాన్నీ సరిగ్గా కొలిచే ట్రూ ఆర్ఎంఎస్ మీటరు కాకపోతే అంకెను నమ్మలేం.

ఎన్ని అంకెలు రాయాలి

వోల్టేజీ కొలతలో 1 శాతం, కరెంటు కొలతలో 2 శాతం తేడా ఉండవచ్చనుకుంటే, నిరోధంలోనూ పవర్‌లోనూ గరిష్ఠంగా సుమారు 3 శాతం తేడా రావచ్చు. అలాంటప్పుడు క్యాలిక్యులేటరు చూపించిన 98.8142 అంతా రాయడంలో అర్థం లేదు, 99 చాలు. విడిగా కొలిచిన నిరోధాన్ని కరెంటు వర్గంతో గుణించి పవర్ కడితే ఆ 2 శాతం 4 అవుతుందనీ, దానికి నిరోధంలోని తేడా కూడా తోడవుతుందనీ మరచిపోవద్దు.

తీగల్లో, అతుకుల్లో పోయే పవర్

ఈ లెక్క నిజంగా అక్కరకొచ్చేది ఇక్కడే. 12 వోల్టుల పంపు 8 ఆంపియర్లు తీసుకుంటోంది, బ్యాటరీకీ దానికీ మధ్య దూరం 5 మీటర్లు. కరెంటు వెళ్లి రావాలి కాబట్టి తీగ పొడవు 10 మీటర్లు. రాగి తీగ నిరోధం = 0.0175 × పొడవు మీటర్లలో ÷ అడ్డుకోత వైశాల్యం చదరపు మిల్లీమీటర్లలో. 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగకు 0.117 ఓం. 8 ఆంపియర్లకు పడిపోయే వోల్టేజీ 0.93, తీగలో వేడి 7.5 వాట్లు. 4 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే 0.044 ఓం, 0.35 వోల్టు, 2.8 వాట్లు. 230 వోల్టుల మీద 0.93 పోయినా తెలియదు. 12లో పోతే పంపు నెమ్మదిస్తుంది.

తీగ సరిపడా ఉన్నా పంపు నీరసంగా తిరుగుతుంటే అతుకులు వెతకాలి. పంపు నడుస్తుండగా మీటరును డీసీ వోల్టుల్లో పెట్టి, ఒక్కో అతుకుకు ఇటొక ప్రోబు, అటొక ప్రోబు ఆనించండి. స్విచ్ రెండు కాళ్ల మధ్య, ఫ్యూజు రెండు చివర్ల మధ్య, ప్రతి కనెక్టరు మీద, ప్లస్ వైపే కాదు, మైనస్ వైపు కూడా. మంచి అతుకు మీద కొన్ని పదుల మిల్లీవోల్టులకు మించి ఉండదు. ఒక కనెక్టరు మీద 0.4 వోల్టు కనిపిస్తే, 8తో భాగించండి: 0.05 ఓం. ఓం రేంజిలో కొలిస్తే ఇది ప్రోబుల నిరోధంలో కలిసిపోయి, కనెక్టరు బాగానే ఉన్నట్టు కనిపించేది. 8తో గుణిస్తే 3.2 వాట్లు. గోరంత కనెక్టరులో 3.2 వాట్లంటే ప్లాస్టిక్ మెత్తబడి రంగు మారేంత వేడి. వేడికి లోహం మరింత తుప్పు పడుతుంది, నిరోధం ఇంకా పెరుగుతుంది. అలాంటిదాన్ని గీకి వాడుకోవడం కంటే కోసేసి కొత్తది క్రింప్ చేయడం (తీగ మీద నొక్కి బిగించడం) మేలు. మార్చాక పంపును మళ్లీ నడిపి, కరెంటు ఎంతో చూసి, అదే రెండు చోట్ల ప్రోబులు పెట్టి కొలవండి. పంపుకు వోల్టేజీ పెరిగింది కాబట్టి కరెంటు కూడా మారి ఉండవచ్చు, అందుకే పాత 8తో కాకుండా కొత్త కరెంటుతోనే భాగించాలి.